గ్యారేజీలో మస్టాంగ్: కిట్ ధరతో లెక్క ఆగదు

ప్రశ్న: మేము ఒహాయోలో ఉంటున్నాం. నాకు 44 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది, సెస్నా 172 మీద 130 గంటలు ఎగిరాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానానికి ముప్పావు సైజు నమూనా, రెండు సీట్ల కిట్ విమానం ఇంట్లోనే కట్టుకోవాలని కోరిక. కిట్‌కు 65 వేల డాలర్లు అన్నారు. ఆరు సిలిండర్ల వీ6 కారు ఇంజిన్ పెట్టాలనుకుంటున్నాను. బ్యాంకులో 90 వేలు ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 8 వేలు, అన్నీ పోను 1,800 మిగులుతాయి. పెద్దబ్బాయి పదో తరగతి. రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401కె నుంచి 50 వేలు అప్పు తీసుకోమంటారా, తెనాలిలో ఉన్న స్థలం అమ్మమంటారా?

జవాబు: రెండూ వద్దు. విమానం మాత్రం కట్టుకోండి. అప్పు లేకుండానే కట్టుకునే దారి మీ అంకెల్లోనే ఉంది.

అసలు పీ-51 ఒక్కోటి 1945లో అమెరికా ప్రభుత్వానికి దాదాపు 51 వేల డాలర్లు పడింది. ఎగిరే స్థితిలో ఉన్న అదే విమానం ఇప్పుడు 20 లక్షల డాలర్లు దాటి అమ్ముడవుతోంది. అందుకే మీలాంటివాళ్లు నమూనా కిట్ల వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే మీరు రాసిన 65 వేలు పెట్టెల్లో వచ్చే రేకులు, గొట్టాలు, చక్రాల ధర మాత్రమే. ఇంజిన్, ప్రొపెల్లర్, రేడియోలు, మీటర్లు, సీట్లు, రంగు, పనిముట్లు అన్నీ విడిగా కొనాలి. కల్యాణ మండపం అద్దె కట్టేసి పెళ్లి ఖర్చు తేలిందనుకోం కదా. నేనైతే కిట్ ధరను రెట్టింపు చేసి, దాని మీద 15 శాతం కలుపుతాను. అంటే లక్షా 50 వేల డాలర్లు.

వీ6 మోజు ఈ అంకెను ఇంకా పెంచవచ్చు. కారు ఇంజిన్ చౌకగానే దొరుకుతుంది. దాని వేగాన్ని ప్రొపెల్లర్‌కు తగినట్టు తగ్గించే గేర్‌బాక్సు, రేడియేటర్, వాటిని ఇరికించే పని దగ్గరే డబ్బూ నెలలూ కరిగిపోతాయి. ఈ తరహా విమానాల్లో పై మెట్టున ఉన్న థండర్ మస్టాంగ్‌లో 640 హార్స్‌పవర్ వీ12 ఇంజిన్ ఉంటుంది. శక్తి పెరిగేకొద్దీ ఖర్చు ఏ స్థాయికి చేరుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. ముప్పావు సైజువాటిలో 100 హార్స్‌పవర్ రోటాక్స్ విమాన ఇంజిన్‌తో ఎగురుతున్నవీ ఉన్నాయి. రెండింటి ఖర్చూ పక్కపక్కన రాసుకున్నాకే నిర్ణయించుకోండి.

ఇప్పుడు దారి చెబుతాను. 90 వేలలో 60 వేలు కదపకండి, అది మీ ఇంటికి ఏడున్నర నెలల ఖర్చు. మిగతా 30 వేలతో మొదలుపెడితే ఇంకా లక్షా 20 వేలు కావాలి. నెలకు 1,800 చొప్పున అయిదున్నరేళ్లు పడుతుంది. పని వైపు నుంచి చూద్దాం. 2,000 గంటలు అనుకుని వారానికి 8 గంటలు కూర్చుంటే 250 వారాలు, అంటే దాదాపు అయిదేళ్లు. డబ్బు సమకూరే వేగం, మీ చేతులు నడిచే వేగం ఇంచుమించు ఒకటే. అప్పు తెచ్చినంత మాత్రాన విమానం ముందుగా ఎగరదు, వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే నడుస్తుంది.

ఒక క్లయింట్ గ్యారేజీలో ఇది కళ్లారా చూశాను. రెక్క రేకుల నిండా రాగిరంగు క్లీకోలు, అంటే రివెట్ వేసేదాకా రేకులను పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు, వరుసగా గుచ్చి ఉన్నాయి. పని చాలా శ్రద్ధగా సాగుతోంది. గోడ పక్కన మాత్రం సీలు విప్పని ఇంజిన్ పెట్టె, దానికి ఆనించి పిల్లల సైకిళ్లు. తగ్గింపు ధర వచ్చిందని ఆయన మూడేళ్ల ముందే అప్పు చేసి కొన్నారు. రెక్క పూర్తి కాకముందే వారంటీ గడువు ముగిసింది. అందుకే ఇంజిన్ చివర్లోనే కొనమంటాను. కంపెనీ భాగాలుగా ఇస్తే తోక భాగంతో మొదలుపెట్టండి. అది పూర్తిచేశాక కూడా ఆసక్తి తగ్గకపోతే తర్వాతి భాగానికి డబ్బు కట్టండి.

అడ్వాన్సు విషయంలో మరీ జాగ్రత్త. కిట్ విమానాల్లో అతిపెద్ద పేరైన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ముందే డబ్బు కట్టినవాళ్లకు కూడా కిట్ల ధరలు సగటున 30 శాతానికి పైగా పెరిగాయి. ఆ కంపెనీ నిలదొక్కుకుంది. చిన్న కంపెనీకి అదే కష్టం వస్తే మీ అడ్వాన్సు ఏమవుతుందో ఆలోచించండి.

401కె అప్పును మామూలుగా అయిదేళ్లలో తీర్చాలి. మధ్యలో ఉద్యోగం పోతే, మరుసటి ఏడాది పన్ను రిటర్ను గడువులోగా మిగిలినదంతా కట్టాలి. లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కిస్తారు, దాని మీద 10 శాతం జరిమానా కూడా పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆ హామీ ఎవరిస్తారు? తెనాలి స్థలం అమ్మితే అక్కడ కొన్నవారు టీడీఎస్ పట్టుకుని మిగతాది ఇస్తారు, అదే లాభాన్ని ఇక్కడి రిటర్నులోనూ చూపాలి. ఆ స్థలాన్ని ఇందులోకి లాగకండి.

మీరు రాయని ఒక సంగతి అడగాలి. మీకు గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ ఉందా? వీసా మీద ఉన్నవారి పేరున అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ విమానాన్ని రిజిస్టర్ చేయదు. ఆ ఒక్క విషయం తేలకుండా ఒక్క డాలరు కూడా కట్టకండి.

బీమా గురించి కూడా ముందే తేల్చుకోండి. మీరు నేర్చుకున్నది ముందు చక్రం ఉన్న విమానం. మస్టాంగ్ నమూనాకు చక్రం తోక కింద ఉంటుంది, ప్రధాన చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. శిక్షకుడి దగ్గర రెండింటికీ ఎండార్స్‌మెంట్లు, అంటే వాటిని నడపగలరని లాగ్‌బుక్‌లో రాసిచ్చే అనుమతులు, తీసుకోవాలి. ఇంజిన్ 200 హార్స్‌పవర్ దాటితే మరొకటి కావాలి. 130 గంటల పైలట్‌కు ఇలాంటి విమానం మీద బీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి, ఇచ్చినా ప్రీమియం గట్టిగానే ఉంటుంది. మీ టర్మ్ పాలసీ కూడా తీసి చదవండి, సొంతంగా విమానం నడిపేవారికి మినహాయింపు రాసి ఉందేమో చూడండి. ఇద్దరు పిల్లలుంటే రెక్క ధర కంటే ఆ ఒక్క వాక్యం ముఖ్యం.

కట్టాక కూడా ఖర్చు ఆగదు. హ్యాంగర్ అద్దె, ఇంధనం, ఏటా తనిఖీ ఉంటాయి. మీరు కట్టిన విమానాన్ని మీరే తనిఖీ చేసేందుకు రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ తీసుకుంటే కొంత ఆదా అవుతుంది. మొదట్లో పరీక్షా దశ ఉంటుంది. కారు ఇంజిన్‌తో మామూలుగా అది 40 గంటలు. ఆ దశలో సరదాగా ఎవరినీ ఎక్కించుకోకూడదు, పెద్దబ్బాయి వెనుక సీటు కోసం అప్పటిదాకా ఆగాల్సిందే. ఇలా కట్టిన విమానాన్ని అద్దెకిచ్చో, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించో సంపాదించడానికి వీల్లేదు. అమ్మితే పెట్టిన డబ్బు వస్తుందని లెక్క వేసుకోకండి.

మీ ప్రణాళికలో నన్ను నిజంగా కలవరపెడుతున్నది మూడో ఏడు. అప్పటికి పెద్దబ్బాయి కాలేజీలో ఉంటాడు, మీకేమో ఇంజిన్ కొనే సమయం దగ్గరపడుతుంది. పిల్లల చదువు కోసం దాచే 529 ఖాతాలో ఎంత ఉందో మీరు రాయలేదు. ఫీజుకు అది చాలకపోతే విమానం పని ఏడాది ఆగుతుందని మీ శ్రీమతితో ఇప్పుడే కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం, రాతపూర్వకంగా తెప్పించుకున్న బీమా కొటేషన్, 529 బ్యాలెన్సు, ఈ మూడూ పంపితే ఏ నెలలో ఏ భాగం కొనాలో వరుసగా రాసిస్తాను.