ఫార్మాట్ మార్చే సైట్‌కి మన ఫొటో వెళ్తుందా?

ప్రశ్న: నా ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఉంటున్నాయి. దరఖాస్తు ఫారమ్ జేపీజీ తప్ప ఇంకేదీ తీసుకోవట్లేదు. ఫైల్ పేరు చివర జేపీజీ అని మార్చి చూసినా ఒప్పుకోలేదు. బ్రౌజర్‌లోనే మార్చిపెట్టే సైట్లున్నాయి గానీ గుర్తింపు కార్డు ఫొటో ఎవరి చేతిలో పడుతుందోనని టెన్షన్. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, కాకపోతే ముందు ఒక పరీక్ష పెట్టండి. పేరు మార్చినంత మాత్రాన లోపలి డేటా మారదు, అందుకే ఫారమ్ ఒప్పుకోలేదు. ఇక సైట్లలో రెండు రకాలు. కొన్ని ఫొటోని తమ సర్వర్‌కి పంపించుకుని అక్కడ మార్చి తిరిగిస్తాయి, కొన్ని మాత్రం పని మొత్తం మీ బ్రౌజర్‌లోనే చేసేస్తాయి, ఫొటో మీ ఫోన్ దాటి పోదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. "మీ ఫైళ్లు సురక్షితం" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నంత మాత్రాన నేనైతే నమ్మను.

ప్రైవేట్ విండోలో సైట్ తెరిచి, ఎవరు చూసినా ఫర్వాలేదనుకునే ఏ గోడ ఫొటోనో ఒకసారి మార్చండి. తర్వాత నెట్ పూర్తిగా ఆపేసి, పేజీ రీలోడ్ చేయకుండా, అలాంటిదే ఇంకో ఫొటో ఇవ్వండి. అదీ మారి డౌన్‌లోడ్ అయితే పని మీ దగ్గరే జరుగుతున్నట్టు. మొదటి ఫొటో ఎందుకంటే, క్రోమ్ లాంటి బ్రౌజర్లకు హెచ్‌ఈఐసీని చదవడం సొంతంగా రాదు, కాబట్టి సైట్ ఆ పని చేసే కోడ్‌ని అవసరమైనప్పుడు తెప్పించుకోవచ్చు, అది రాకముందే నెట్ ఆపేస్తే మంచి సైట్ కూడా ఫెయిల్ అవుతుంది. పరీక్ష పాసైతే కార్డు ఫొటో కూడా నెట్ ఆపి ఉండగానే మార్చుకుని, ఆ విండో మూసేశాకే నెట్ ఆన్ చేయండి. కాస్త అతి జాగ్రత్తే, గుర్తింపు కార్డుకి ఆ మాత్రం ఉండాలి.

ఇలా మార్చినప్పుడు చాలాసార్లు ఫొటోలో దాగి ఉండే తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి, ఎందుకంటే బ్రౌజర్ బొమ్మని కొత్తగా గీసి సేవ్ చేస్తుంది. దరఖాస్తుకి ఇది మంచిదే, తేదీల వారీగా దాచుకునే ఆల్బమ్‌కి మాత్రం ఇబ్బంది. ఇకముందు తీసే ఫొటోలకి ఈ తంటా వద్దనుకుంటే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకోండి, నేరుగా జేపీజీలోనే వస్తాయి.

ప్రశ్న: బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ లోగోని జేపీజీ చేస్తే చుట్టూ నల్లగా వచ్చింది. మళ్లీ పీఎన్‌జీ చేసినా పోలేదు. ఫైల్ సైజు కూడా పెరిగింది!

జవాబు: జేపీజీలో పారదర్శకత అనేదే లేదు. బ్రౌజర్ ఖాళీ భాగాన్ని ఏదో రంగుతో నింపాలి కదా, సైట్ వాళ్లు ముందే తెల్లరంగు వేయకపోతే నలుపే పడుతుంది. వెనక్కి మార్చినా ఆ నలుపు ఇప్పుడు బొమ్మలో భాగమే. జేపీజీ సైజు తగ్గించడానికి కొంత వివరం వదిలేస్తుంది, పీఎన్‌జీ ఏదీ వదలదు, అందుకని జేపీజీ చేసిన మరకల్ని కూడా బుద్ధిగా దాచిపెడుతుంది, సైజు పెరిగింది అందుకే. అసలు పీఎన్‌జీ ఉంటే దాన్నుంచే మళ్లీ మొదలుపెట్టండి, సైజు తగ్గాలంటే వెబ్‌పీ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చండి, అందులో పారదర్శకత నిలుస్తుంది. డౌన్‌లోడ్ అయిన ఫైల్ నిజంగా ఏ ఫార్మాట్‌లో ఉందో కూడా చూసుకోండి, వెబ్‌పీలో సేవ్ చేయడం రాని బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా పీఎన్‌జీయే చేతిలో పెడుతుంది.