తాతల ఊరిని ఏ జిల్లాలో వెతకాలి?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ముత్తాతగారి కాగితాల కోసం ఒంగోలు వెళ్తే, అంత పాత రికార్డు ప్రకాశం జిల్లాలో లేదన్నారని ఫోన్‌లో బాధపడ్డావు. అబద్ధం కాదు తల్లీ. ఆయన బతికుండగా ప్రకాశం జిల్లానే లేదు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. ప్రకాశం పేరు 1972లో పెట్టారు. మన కందుకూరు అలా నెల్లూరు నుంచి వచ్చిందే. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరులో కలిపారు.

మీ నానమ్మ పుట్టినూరిది ఇంకో కథ. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్ళింది. అంటే ఆమె తాతగారు పుట్టింది నెల్లూరు జిల్లాలో, తండ్రి పుట్టింది గుంటూరు జిల్లాలో. ఇద్దరూ పుట్టింది ఒకే ఇంట్లో! ఇది తెలియనివాళ్ళు మా వాళ్ళు వలస వచ్చారని రాసేసుకుంటారు. నువ్వు అలా రాయకు.

అందుకని ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది రాయి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అంతకు ముందరి కాగితాల్లో మండలం పేరు వెతికితే దొరకదు. 1961 జనగణన జిల్లా పుస్తకాల్లో తాలూకాల వారీగా ఊళ్ళ జాబితా ఉంటుంది. నెల్లూరు పుస్తకం తెరిస్తే కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ కనిపిస్తాయి.

దస్తావేజుల విషయంలో నేను తప్పు చేశాను. తాతగారి భాగపరిష్కార దస్తావేజు కోసం మన ఊరు ఇప్పుడు ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు కిందికి వస్తుందో అక్కడే ఏడాదిపాటు తిరిగాను. దస్తావేజు ఎక్కడ రిజిస్టరైతే సాధారణంగా ఆ వాల్యూము అక్కడే ఉంటుంది. తర్వాత మన ఊరిని కొత్త ఆఫీసులో కలిపినా పాత పుస్తకాలు వెంట రావు. పాత దస్తావేజు మొదటి వరుసల్లో ఫలానా డిస్ట్రిక్టు, ఫలానా సబ్ డిస్ట్రిక్టు అని ఉంటుంది చూడు. ఆ సబ్ డిస్ట్రిక్టు అంటే అప్పటి సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పరిధి. అక్కడికే వెళ్ళాలి. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో చేత్తో వెతికించుకోవాల్సిందే, ఓపిక పట్టు.

మీ అమ్మ వైపు కంభం వాళ్ళ సంగతి జాగ్రత్త. అది 1970 దాకా కర్నూలు జిల్లా. పైగా మద్రాసు ప్రెసిడెన్సీలో మదురై వైపు కూడా ఒక కంబం ఉంది, ఇంగ్లీషులో రెండింటి స్పెల్లింగూ ఒకటే. పక్కన జిల్లా పేరు చూడకుండా ఏ కాగితాన్నీ మనదనుకోకు.

వంశవృక్షంలో పుట్టిన చోటు రాసేటప్పుడు అప్పటి జిల్లానే రాయి. ఇప్పటిది కింద వేరుగా రాసుకో. పాత పేరు కొట్టేసి కొత్తది పెడితే నీ తర్వాత వెతికేవాళ్ళు మళ్ళీ ఒంగోలు మెట్ల మీదే కూర్చుంటారు.

ఇంకొకటి. మన ట్రంకుపెట్టెలో ఉన్న దస్తావేజులో చివర హద్దులు రాసి ఉన్నాయి. తూర్పున ఫలానా వారి పొలం, పడమర ఫలానా వారిదని. అందులో ఇద్దరు మన దాయాదులేనని నా అనుమానం. జిల్లా ఎన్నిసార్లు మారినా ఆ పేర్లు మారవు కదా. ఫోటోలు తీయించి ఈ వారమే పంపుతాను. నువ్వు ఆ ఇంటిపేర్లు పట్టుకుని నెల్లూరు నుంచి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న