ఫిష్‌ఐ లెన్సుతో బత్తాయి తోట కొలత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టు కోసం బత్తాయి తోటలో ఆకుల గుబురు కొలవాలి. ఫోన్లో ఉన్న 0.5 వైడ్ కెమెరా చాలా, ఫిష్‌ఐ క్లిప్ లెన్సు కొనాలా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

కొనాల్సిందే. ఫిష్‌ఐ అంటే దాదాపు అర్ధగోళం మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టే లెన్సు. ఫోన్ వైడ్ కెమెరా చూపు సాధారణంగా మూల నుంచి మూలకు 120 డిగ్రీలు. అంటే ఫోన్‌ను ఆకాశం వైపు తిప్పితే, నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వంగిన దిక్కు మూలల్లోనే దొరుకుతుంది. మీకు కావాల్సింది 57.5 డిగ్రీల దగ్గరి వలయం మొత్తం. ఆకులు ఏ వాలులో ఉన్నా ఆ కోణంలో అవి చూపుకు అడ్డుపడే తీరు దాదాపు ఒకటే.

చవక క్లిప్పుల్లో చాలావాటికి డబ్బా మీద రాసినంత కోణం రాదు. అందుకని ముందు గోడ పరీక్ష చేయండి. లెన్సును గోడకు సరిగ్గా 1 మీటరు దూరంలో, తిన్నగా గోడను చూసేట్టు పెట్టండి. ఎదుటి బిందువు నుంచి పక్కకు 58, 100, 173 సెంటీమీటర్ల దగ్గర చాక్‌పీసుతో గుర్తులు పెట్టండి. అవి 30, 45, 60 డిగ్రీలు. ఫొటో నడిమి నుంచి వాటి దూరాలు పిక్సెళ్లలో 2:3:4గా వస్తే లెక్క సులువు. రాకపోయినా లెన్సు పారేయక్కర్లేదు, వచ్చిన అంకెలతోనే గ్రాఫు గీసుకుని వాడండి. వంపు, అంటే ఏ కోణం ఫొటోలో ఎక్కడ పడుతుందో, తెలియని లెన్సుతో మాత్రం ఎన్ని ఫొటోలు తీసినా కొలత అనిపించుకోదు.

తోటలో పొద్దు పొడవక ముందు గానీ, ఆకాశమంతా ఒకే తీరుగా మబ్బు పట్టినప్పుడు గానీ తీయండి. ఎండ పడిన ఆకు తెల్లగా మెరిసి ఆకాశం లెక్కలో కలిసిపోతుంది. ఫోన్‌ను నేలకు 1 మీటరు ఎత్తున, రసమట్టం చూసి, పైకి తిప్పి పెట్టండి. ఎక్కువ మంది దెబ్బతినేది ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వదిలే వెలుతురు) దగ్గరే. ఆటోలో వదిలితే చెట్ల కింది చీకటిని చూసి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, సన్నటి ఆకులు కరిగిపోతాయి, ఆకు విస్తీర్ణం తక్కువ వస్తుంది. చెట్లు లేని చోట నడినెత్తి ఆకాశానికి వెలుతురు చూసుకుని, దానికి 2 స్టాపులు (అంటే నాలుగింతల వెలుతురుకు) పెంచి, మాన్యువల్‌లో లాక్ చేశాకే తోటలోకి వెళ్లండి.

కంప్యూటర్లో ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లలో నీలం ఒక్కటే తీసుకోండి. అందులో ఆకు నల్లగా, ఆకాశం తెల్లగా తేలిగ్గా విడిపోతాయి. 55–60 డిగ్రీల వలయంలో ఆకాశం వాటా 20 శాతం అనుకుందాం. 0.20 సహజ లాగరిథమ్ –1.61. మైనస్ తీసేసి, ఈ కోణానికి వర్తించే 1.075తో గుణిస్తే 1.73. చదరపు మీటరు నేలకు సుమారు 1.7 చదరపు మీటర్ల ఆకు అన్నమాట. కొమ్మలు, కాయలు కూడా అందులోనే.

ఈ అంకె ఒక్క చెట్టుది కాదు. కెమెరాకు 3 మీటర్ల పైనున్న కొమ్మను 57.5 డిగ్రీల కోణం 4.7 మీటర్ల అవతల చూస్తుంది. 6 మీటర్ల ఎడంతో నాటిన తోటలో అది పక్క చెట్టే. చెట్ల కిందా, వరుసల నడుమా తీసి, ఒక్కో ఫొటోకు విడిగా లాగ్ కట్టాకే సగటు చూడండి. ముందే సగటు తీస్తే ఫలితం తగ్గుతుంది.

ప్రశ్న: పిల్లలమర్రి ముందు తీసిన గ్రూప్ ఫొటోలో చివరివాళ్లు లావుగా పడ్డారు. ఎందుకు?
– మహబూబ్‌నగర్

గీతలు తిన్నగా ఉంచే వైడ్ లెన్సు అంచుల్ని సాగదీయక తప్పదు. ఒకే వరుసలో నిలబడితే, 45 డిగ్రీల పక్కనున్న తల ఎత్తు మారదు, వెడల్పు మాత్రం 1.4 రెట్లవుతుంది. అంచుల్ని మర్రికి వదిలి, మనుషుల్ని నడిమి సగంలో నిలబెట్టండి.

ప్రశ్న: ఉల్కలు పట్టేందుకు స్కూలు మిద్దె మీద ఒక్క ఆల్‌స్కై కెమెరా (ఆకాశమంతా ఒకేసారి పట్టే ఫిష్‌ఐ కెమెరా) చాలా?
– ఉపాధ్యాయుడు, అచ్చంపేట

లెక్కపెట్టడానికి చాలు సార్. ఎత్తు, దారి తేలాలంటే రెండు కావాలి. ఉల్కలు వెలిగేది సుమారు 80–120 కిలోమీటర్ల ఎత్తున కాబట్టి, సూటిగా 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న నల్లగొండలో రెండోది పెడితే బాగా కుదురుతుంది. రెండింటి గడియారాలూ ఇంటర్నెట్ టైముతో కలవాలి. లెన్సు వంపు తేల్చడానికి గోడ అక్కర్లేదు, స్థానాలు తెలిసిన నక్షత్రాలే చాలు. జెమినిడ్స్ అనే ఉల్కలు జోరుగా రాలేది డిసెంబర్ 13, 14 రాత్రుల్లో. అప్పుడు గాజు డోము మీద మంచు పడుతుంది, లోపల రెసిస్టర్లు వలయంగా అమర్చి రెండు మూడు వాట్ల వేడి ఇవ్వండి.