కొత్త లైసెన్సుకీ ప్రీమియంకీ లంకె లేదు

కొత్త లైసెన్సు కాబట్టి 1197 సీసీ కారుకు ఇన్సూరెన్స్ ఎక్కువని బెంగళూరు డీలర్ ఎవరైనా అంటే నమ్మకండి. మన దగ్గర లెక్క ప్రధానంగా కారుదే, నడిపేవారి వయసుదో, లైసెన్సుదో కాదు. ఈ సీసీ కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి తప్పనిసరి బీమా) 2022 రేటు ప్రకారం 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. అందులో బేరం లేదు. బేరమంతా ఓన్ డ్యామేజీలోనే, అంటే మన కారుకి జరిగే నష్టం బీమాలోనే. అదే ఐడీవీ (కారుకు కట్టిన బీమా విలువ), అవే యాడాన్లతో (అదనపు కవర్లతో) ఆన్‌లైన్ కొటేషన్ తీసి డీలర్ ముందు పెట్టండి, పాలసీ అక్కడే కొనాలన్న రూలేం లేదు. ఐడీవీ తగ్గించి చవకంటే మాత్రం వద్దు, కారు పోతే వచ్చే డబ్బూ తగ్గుతుంది. మీకు ఇప్పటికే ఉన్న బైకు పాలసీలో యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటే, కారుకి అది మళ్లీ కట్టక్కర్లేదు. జీరో డెప్ (విడిభాగాల అరుగుదల కింద డబ్బు కోయని యాడాన్) వదలకండి. అది లేకపోతే ప్లాస్టిక్ బంపర్‌కి సగమే ఇస్తారు, కొత్త చేతికి ముందు తగిలేది అదే. చిన్న గీతలకు క్లెయిమ్ పెడితే మొదటి రెన్యువల్‌లో 20 శాతం ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది.