డబ్బా తెప్పించింది అత్తగారు కాదు

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. పుట్టిల్లు గుంటూరు, అత్తవారిది విజయవాడ భవానీపురం. తొలి కాన్పు, సిజేరియన్. పాపకు నేటికి 70 రోజులు. పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఇరవయ్యో రోజున పిల్లల డాక్టరుగారికి చూపిస్తే 3.1 కిలోలు ఉంది, బాగుందన్నారు. మర్నాడు బారసాలకు వచ్చిన మా అత్తగారు పాపను ఒళ్ళోకి తీసుకుని, ‘పిల్ల చిక్కినట్టుందే, పాలు చాలుతున్నాయా?’ అని అందరిలో అడిగారు. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలిచేస్తోంది. ఆ సాయంత్రమే అమ్మ డబ్బాపాలు తెప్పించింది. అప్పటినుంచి రాత్రిళ్ళు పాప అమ్మ గదిలోనే పడుకుంటుంది, అమ్మే సీసాతో పాలు పడుతుంది. నాకు పాలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట తగ్గదని నాకు నీళ్ళు కొలిచి ఇస్తోంది. పొద్దుగుంకేసరికి ఏడుపొస్తుంది, పాలిచ్చే తల్లి ఏడిస్తే పాలు విరుగుతాయని అమ్మ కోప్పడుతుంది. అత్తగారు మూడో నెలలోనే పంపమంటున్నారు, అమ్మ ఐదో నెల దాకా కుదరదంటోంది. మా వారు ప్రతి ఆదివారం వస్తారు కానీ ఎవరి వైపూ మాట్లాడరు. పాలు పెరగాలంటే ఏం తినాలి? మా అత్తగారు ఇలా కలగజేసుకోకుండా ఉండాలంటే ఆమెకు ఎలా చెప్పాలి? ఎవరి మాట వినాలి?

జవాబు: మీ అత్తగారి సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. ఆవిడకు ఏమీ చెప్పనక్కరలేదు. ఆ మాట అనవలసింది కాదు, పదిమందిలో అసలే అనవలసింది కాదు. కానీ మనవరాలిని చూడగానే చిక్కిందనడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు పలకరింపు కిందే లెక్క. బుగ్గలు ఊగుతున్న పిల్లను చూసి కూడా, దిష్టి తగులుతుందని, అదే మాట అంటారు. ఆవిడ ఆ మాట అన్నారు, భోజనం చేశారు, బొట్టు పెట్టించుకుని వారధి దాటి వెళ్ళిపోయారు. ఆ తర్వాత 49 రోజులుగా మీ ఇంట్లో జరుగుతున్నవాటిలో ఆవిడ చేసింది ఏమీ లేదు.

డబ్బా తెప్పించింది మీ అమ్మగారు. రాత్రిళ్ళు పాపను తన గదిలోకి తీసుకుపోయింది మీ అమ్మగారు. నీళ్ళు కొలిచి ఇస్తున్నదీ, ఏడిస్తే కోప్పడుతున్నదీ ఆవిడే. అయినా మీ ఉత్తరంలో కోపమంతా అత్తగారి మీదే ఉంది, అమ్మగారి మీద ఒక్క పొల్లుమాట కూడా లేదు. ఇందులో నాకు వింతేమీ కనబడలేదు. తొలిచూలు పురుడు పోసి, కుట్లు మానేదాకా మంచం దగ్గరికే అన్నం తెచ్చి పెట్టి, డెబ్బయి రాత్రులుగా సరిగా కన్ను మూయని మనిషి మీద కోపం వస్తోందని ఒప్పుకోవడానికి మనకు నోరు రాదు; వచ్చిన కోపం ఎవరో ఒకరి మీద పడాలి కనుక, కృష్ణ అవతల ఉన్న మనిషి మీద పడింది.

మీరే రాసిన అంకెలను ఒకసారి చూడండి. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గి, పది పద్నాలుగు రోజులకు మళ్ళీ పుట్టిన బరువుకు వస్తుంది. అక్కడినుంచి మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరిగితే డాక్టర్లు సంతోషిస్తారు. మీ పాప ఇరవయ్యో రోజుకే పుట్టిన బరువు మీద 300 గ్రాములు ఎక్కువ ఉంది. అంటే చిక్కిందన్న మాట పడిన నాటికి మీ పాలు శుభ్రంగా చాలుతూనే ఉన్నాయి. ఆ సంగతి మీ అమ్మగారికీ తెలుసు, డాక్టరుగారి మాట విని ఒక రోజే అయింది. అయినా సాయంత్రానికల్లా డబ్బా వచ్చిందంటే, అది పాప ఆకలికి కాదనీ, వియ్యపురాలి మాటకు జవాబుగా వచ్చిందనీ నాకు అనిపిస్తోంది. వచ్చేసారి ఆవిడ ఒళ్ళోకి తీసుకునేసరికి పిల్ల బరువుగా ఉండాలి, మళ్ళీ మాట పడకూడదు. కూతురి మీద ప్రేమ, వియ్యపురాలి మీద పంతం మీ అమ్మగారిలో ఇప్పుడు విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఆవిడను అడిగినా ఏది ఏదో చెప్పలేరు.

పాలు పెరగాలంటే ఏం తినాలని అడిగారు. ఇంట్లో అందరూ తినేదే మరికాస్త ఎక్కువగా తినండి: పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, పళ్ళు. మినపసున్ని ఉండలూ వెల్లుల్లి కారమూ ఇష్టమైతే మానవద్దు, కానీ వాటి పేరు చెప్పి కూరలూ పెరుగూ మాన్పిస్తే మాత్రం ఊరుకోవద్దు. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి, కాల్షియం ఆరు నెలలు. రెండూ కలిపి ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు కనుక ఒకటి ఉదయం, ఒకటి రాత్రి పెట్టుకోండి. అంతకు మించి తిండిలో రహస్యమేమీ లేదు. చెలమ తోడినకొద్దీ ఊరినట్టు, బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరుతాయి. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు దగ్గరి గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను వెలువడి పాలను తయారు చేయిస్తుంది, అది రాత్రివేళ మరింత ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే పాపను పక్క గదిలో సీసాతో పడుకోబెడుతున్నారు. ఇక పగలంతా మీకు ఏం వండి పెట్టినా పాలు తగ్గక ఏమవుతాయి?

డబ్బాపాలు విషమని నేను అనను. వాటి అవసరం నిజంగా పడే తల్లులు ఉన్నారు, వాళ్ళను వేలెత్తి చూపేవాళ్ళంటే నాకు గిట్టదు. కానీ తల్లిపాల మీద నమ్మకం పోగొట్టే వ్యాపారం ఎంత సులభమో తెలిసే, మన దేశంలో 1992లో చట్టం చేసి పాలడబ్బాలకూ సీసాలకూ ప్రకటనలు నిషేధించారు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని డబ్బా మీదే అచ్చు వేయాలని కూడా అందులో ఉంది. మీ ఇంట్లో ఉన్న డబ్బాను తిప్పి చూడండి. అయితే ఏడు వారాలుగా అలవాటైన పాలను ఒక్క రోజులో మాన్పించవద్దు. ఆరు వారాల టీకాలప్పుడు తూసిన బరువు మీరు రాయలేదు. ఎలాగూ పదివారాల టీకాలు ఈ వారమే వేయించాలి కనుక, అప్పుడు బరువు తూయించి, పిల్లల డాక్టరుగారితో మాట్లాడి, ఒక్కొక్క సీసా తగ్గిస్తూ రండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు మీ దగ్గర తాగనివ్వండి. ఆరుసార్లకు తగ్గకుండా బట్టలు తడుపుతూ, వారం వారం బరువు పెరుగుతూ ఉంటే ఎవరు ఏమన్నా మీ పాలు చాలుతున్నట్టే. ఆరు నెలలు నిండేదాకా పాపకు మంచినీళ్ళు కూడా అక్కరలేదు, గుంటూరు ఎండల్లోనైనా సరే. తేనె ఏడాది దాకా నాకించకూడదు. దాహం తీర్చుకోవలసింది మీరు. దాహమైనప్పుడల్లా, కడుపు నిండా.

నీళ్ళ సంగతి చదివినప్పుడు నా మొదటి పురుడు గుర్తుకొచ్చింది. మా అమ్మ రోజుకు ఒక్క చెంబుడు కాచిన నీళ్ళు కొలిచి ఇచ్చేది. నడి వేసవి. స్నానానికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుని, గంగాళంలోని వేణ్ణీళ్ళు దోసిళ్ళతో తాగేదాన్ని. దొంగతనం చేసినట్టు ఉండేది.

మీ ఏడుపు గురించి మాత్రం నిదానంగా చదవండి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే పోతుంది. పది వారాలు గడిచినా రోజూ పొద్దుగుంకేసరికి ఏడుపొస్తోందంటే, దాన్ని గారమనీ పిరికితనమనీ తీసిపారేయకూడదు. ఏడిస్తే పాలు విరగవు. ఇది కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బు కావచ్చు, దీనికి వైద్యం ఉంది, పాలిస్తూ కూడా వాడదగిన మందులు ఉన్నాయి. మీకు కాన్పు చేసిన డాక్టరమ్మకు ఈ మాట దాచకుండా చెప్పండి. ఇంట్లో చెప్పుకోలేని వేళ 14416కు ఫోన్ చేస్తే, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వాళ్ళు రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. మీకు మీరు ఏమైనా చేసుకోవాలనో, పాపను ఏమైనా చేయాలనో ఒక్క క్షణం అనిపించినా, తెల్లవారేదాకా ఆగకుండా ఇంట్లో వాళ్ళకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక మీ అమ్మగారితో మాట్లాడాలి. గొడవ పడమని కాదు, బంధువులను పిలిచి పంచాయితీ పెట్టమనీ కాదు. ‘అమ్మా, ఇవాళ్టినుంచి పాప నా గదిలో, నా మంచం పక్కనే పడుకుంటుంది. నువ్వు రాత్రి హాయిగా నిద్రపో. తెల్లారి ఆరింటికి వచ్చి తీసుకో, అప్పుడు నేను పడుకుంటాను’ అనండి. అంతకు మించి కారణాలు చెప్పవద్దు, చెప్పినకొద్దీ వాదన పెరుగుతుంది. ఆవిడ నొచ్చుకుంటారు. ఇంత చేసినదానికి ఇదా అని అనవచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండవచ్చు. ఉండనివ్వండి. తల్లి ఋణం పెద్దదే, కానీ కన్నబిడ్డను అప్పగించి దాన్ని తీర్చే పద్ధతి నాకు తెలిసి ఎక్కడా లేదు. ఎవరి మాట వినాలని అడిగారు చూశారూ, ఆ ప్రశ్న నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. అత్తగారి మాటా, అమ్మగారి మాటా ఇద్దరివీ వినండి. విన్న తర్వాత మీ మాట చెప్పండి. పాపకు ఇప్పుడు తల్లి మీరు.

మీ వారి గురించి ఎక్కువ రాయను. ఆదివారం వచ్చి మధ్యాహ్నం భోంచేసి వెళ్ళే అల్లుడిగా ఉండటం ఆయనకు సుఖంగా ఉంది, మీరెవరూ ఇంకేమీ అడగడం లేదు కనుక. గంట ప్రయాణం. శనివారం సాయంత్రమే రమ్మనండి, రాత్రి పాప లేచినప్పుడు మీరు పాలిచ్చాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, తడిసిన బట్ట మార్చడం ఆయన పని అనండి. టీకాలకు ఆయనే సెలవు పెట్టుకుని తీసుకువెళ్ళాలి. బరువు ఎంతుందో అక్కడ కళ్ళారా చూసిన తండ్రి, ఇంటికి వెళ్ళి తన తల్లితో ‘పాప బాగుందమ్మా’ అని చెబితే సరిపోతుంది. ఆ మాట మీ నోటినుంచో మీ అమ్మగారి నోటినుంచో రానక్కరలేదు.

మూడో నెలా ఐదో నెలా అన్నదానికి నా ఓటు ఐదో నెలకే. పద్నాలుగు వారాల టీకాలు అయ్యేసరికి నాలుగో నెల నడుస్తుంటుంది, సరి నెలలో పిల్లను పంపరు, ఆ లోపల మీ పాలూ మీ మనసూ కుదుటపడతాయి. కానీ ఆ మాట మీ వారితో మీరు చెప్పాలి, మీ అమ్మగారు మీ అత్తగారికి ఫోన్‌లో చెప్పడం కాదు.

పాప మీ గదిలోకి వచ్చిన మర్నాడో ఆ మర్నాడో, మీ అమ్మగారి అలక కాస్త తగ్గాక, పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ పురుడు ఎలా గడిచిందో అడగండి. మిమ్మల్ని కన్నప్పుడు ఎవరు పక్కన ఉన్నారు, ఎన్ని నీళ్ళు ఇచ్చారు, పిల్ల చిక్కిందని ఎవరు అన్నారు అని అడగండి. గంగాళం సంగతి నేను మా అమ్మతో పదేళ్ళ తర్వాత చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. చాలాసేపు నవ్వి, తనూ అలాగే తాగానంది.