థియేటర్ నుంచి మెదడు ముక్క వచ్చినప్పుడు

అమ్మాయీ,

వచ్చే నెల నుంచి న్యూరోసర్జరీ స్క్వాష్‌లు (ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డ ముక్కను స్లైడుల మధ్య అదిమి మైక్రోస్కోప్‌లో చూడటం) నువ్వే చూస్తావని తెలిసి ఇది రాస్తున్నాను.

ముక్క కంటే ముందు ఎమ్మారై చూడు. వయసు, గడ్డ ఉన్న చోటు, కాంట్రాస్ట్ ఎలా పట్టింది, డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ మొదలుపెట్టారా, ఇదివరకు రేడియేషన్ ఇచ్చారా, ఇవేవీ ఫారంలో లేకపోతే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి. స్టిరాయిడ్ పడ్డాక లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) కణాలు కరిగిపోయి, చివరికి చెత్తను మింగే మాక్రోఫేజులే మిగలొచ్చు.

రంగు తేడాగా ఉన్న రెండు మూడు చోట్ల నుంచి ఆవగింజంత ముక్క, మిల్లీమీటరు చాలు. రెండో స్లైడుతో మెల్లగా అదిమి ఒక్క లాగులో లాగు. గట్టిగా నొక్కితే కేంద్రకాలు దారాల్లా సాగుతాయి. లాగిన మరుక్షణం 95 శాతం ఆల్కహాల్‌లో ముంచు. గాలికి ఆరిన స్మియర్‌లో కేంద్రకాలు ఉబ్బుతాయి, మామూలు ఆస్ట్రోసైట్ (మెదడులోని ఆసరా కణం) కూడా క్యాన్సర్‌లా భయపెడుతుంది.

ముక్క ఎలా పరుచుకుందో లాగేటప్పుడే గమనించు, సగం జవాబు అక్కడే ఉంటుంది. గ్లియోమా (మెదడు ఆసరా కణాల గడ్డ) సన్నటి పీచుతో పలచగా పరుచుకుంటుంది. మెటాస్టాసిస్ (వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్) ముద్దలుగా ఉంటుంది, మధ్యలో పీచు ఉండదు. లింఫోమా కణాలు విడివిడిగా చెదురుతాయి. ష్వానోమా (నరం తొడుగు గడ్డ) ఎంత అదిమినా పరవదు. దానికి ఫ్రోజెన్ (ముక్కను గడ్డకట్టించి పలచగా కోసి చూడటం) చెయ్యి.

అందరూ పడే గొయ్యి మాక్రోఫేజులు. నురగలాంటి సైటోప్లాజం, స్పష్టమైన అంచు ఉన్న కణాలు గుంపుగా కనిపిస్తే గ్లియోమా అనే ముందు ఆగు. డీమైలినేషన్‌లోనూ (ఆక్సాన్లు అనే నరపు పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొర పోయే జబ్బు, క్యాన్సర్ కాదు) మాక్రోఫేజులతో పాటు పెద్ద ఆస్ట్రోసైట్లు, మైటోసిస్‌లు (విభజన చెందే కణాలు) ఉంటాయి. దాన్ని గ్లియోమా అన్నామంటే రోగికి అనవసరంగా రేడియేషన్ పడుతుంది. తర్వాత పారాఫిన్ మైనంలో పోసి కోసిన ముక్కపై సీడీ68, లక్సాల్ ఫాస్ట్ బ్లూ, న్యూరోఫిలమెంట్ స్టెయిన్లు పెట్టు (వరసగా మాక్రోఫేజులు, మైలిన్, ఆక్సాన్లు చూపించేవి): మైలిన్ పోయి ఆక్సాన్లు చాలావరకు మిగిలితే సంగతి తేలినట్టే. గ్రాన్యులోమా (వాపు కణాల గుంపు) కనిపిస్తే మన దేశంలో ముందు టీబీయే గుర్తుకు రావాలి. కల్చర్‌కీ జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ (టీబీ జన్యు పరీక్ష) ఫార్మలిన్ తగలని ముక్క వెంటనే అడుగు, పుర్రె మూసేశాక అడిగి లాభం లేదు.

వెన్నుపాములో సర్జన్ ప్రశ్న వేరు. ఎపెండైమోమా (వెన్నుపాము లోపలి కాలువ పొర కణాలను పోలిన గడ్డ) అయితే అంచు దొరుకుతుంది, మొత్తం తీయడానికి చూస్తారు. చొచ్చుకుపోయే ఆస్ట్రోసైటోమా (ఆస్ట్రోసైట్ల గడ్డ) అయితే ఎక్కడో ఆపాలి. ఎపెండైమోమా గుర్తు కోసం, రక్తనాళం చుట్టూ కేంద్రకాలు లేని పీచు వలయం కోసం వెతుకు. అది కనిపించకపోతే తెగేసి చెప్పకు.

ముక్క మొత్తం ఫ్రీజ్ చేయకు. మంచు స్ఫటికాలు పొడిచిన కేంద్రకాలు పారాఫిన్‌లో మళ్లీ కుదురుకోవు, ఒలిగో (ఒలిగోడెండ్రోగ్లియోమా అనే గ్లియోమా) రూపమైతే పూర్తిగా చెడుతుంది. ఫ్రీజ్ కాని భాగాన్ని పదింతల ఫార్మలిన్‌లో వెయ్యి.

థియేటర్‌కి గ్రేడ్ నంబరు చెప్పొద్దు, ‘గ్లియోమా, హైగ్రేడ్‌లా ఉంది’ చాలు. డబ్ల్యూహెచ్‌ఓ 2021 మెదడు గడ్డల వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్ల గ్లియోమాకు ఐడీహెచ్ జన్యు మార్పు, 1పీ/19క్యూ (క్రోమోజోమ్ ముక్కల లోపం) తేలకుండా పేరే పూర్తికాదు. 55 ఏళ్లలోపు రోగికి ఐడీహెచ్1 స్టెయిన్ నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్ రాయి, ఆ స్టెయిన్ పట్టేది ఐడీహెచ్1 మార్పుల్లో ఆర్132హెచ్ ఒక్కదాన్నే.

ఫోన్‌లో చెప్పిన మాటను సర్జన్ చేత తిరిగి చెప్పించుకుని, టైముతో సహా రిజిస్టర్‌లో రాయి.