పాలపళ్ళే కదా అనుకోకు, శ్రావణీ

శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను, సగం వినపడలేదు. వినపడిన సగంలో నాలుగు ప్రశ్నలున్నాయి. ఫోన్లో చెబితే నువ్వు మర్చిపోతావు, మీ అత్తయ్య ఇంకోటి చెబుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు మీ తమ్ముడి సంగతి. పాపకి పైపళ్ళు ముందు వచ్చాయని, మేనమామకి గండమని మీ అమ్మ కంగారు పడుతోందన్నావు. మామూలుగా ఆరు నుంచి పది నెలల మధ్య కింద ముందుపళ్ళు రెండూ వస్తాయి, ఆ తర్వాత పైవి. కొందరు పిల్లలకి ఆ వరస తప్పుతుంది, అంతే. ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీలో ఎంతమంది నోళ్ళు చూశానో లెక్కలేదు. పైపళ్ళు ముందొచ్చిన పిల్లల మేనమామలంతా ఇప్పుడు బొజ్జలు పెంచుకుని తిరుగుతున్నారు. కొబ్బరికాయ కొట్టి శాంతి చేస్తే మీ అమ్మ మనసు కుదుటపడుతుందంటే కొట్టనీ. వాడిని మాత్రం బండి మీద హెల్మెట్ పెట్టుకోమను.

ఇక జ్వరం. పళ్ళు వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, దొరికిందల్లా కొరుకుతుంది, చిరాకు పడుతుంది, ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించవచ్చు. అంతవరకే. 100.4 డిగ్రీలు దాటిన జ్వరాన్నీ, నీళ్ళ విరేచనాలనీ పళ్ళ ఖాతాలో వేయకు. సరిగ్గా ఈ వయసులోనే నీ నుంచి పాపకి వచ్చిన రక్షణ తగ్గుతుంది, నేల మీదున్నవన్నీ నోట్లోకి పోతాయి. అందుకే రోగాలూ పళ్ళూ ఒకేసారి వచ్చినట్టు కనిపిస్తాయి. "పళ్ళ విరేచనాలే" అని మూడు రోజులు ఊరుకుని, పిల్ల కళ్ళు లోతుకు పోయాక ఎత్తుకొచ్చిన తల్లుల్ని చూశాను. ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళడమే.

చిగుళ్ళు సలుపుతుంటే చేతులు కడుక్కుని వేలితో మెల్లగా రుద్దు. శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి నమలనివ్వు, గడ్డకట్టేంత చల్లగా వద్దు. మెడలో పూసలదండలు వేయకు, నిద్రలో బిగుసుకుంటాయి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే తిమ్మిరి జెల్లు అసలే వద్దు. తేనె కూడా ఏడాది నిండేదాకా చుక్క నాకించకూడదు, పళ్ళకోసమే కాదు, దాంట్లో ఉండే క్రిమి పసిపిల్లలకి ప్రమాదం.

ఇప్పుడు అసలు సంగతి. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని మీ అత్తయ్య అంటోందన్నావు. ఆ మాట నేనూ అన్నాను. మీ అన్నయ్య అప్పుడు ఏడాదిన్నర పిల్లాడు. పొద్దున నేను సెంటరుకి పోవాలి, రాత్రి వాడు పడుకోడు. పాలసీసాలో రెండు చెంచాల చక్కెర కలిపి నోట్లో పెట్టి పడుకోబెట్టేదాన్ని. సీసా నోట్లో ఉండగానే నిద్రపోయేవాడు. బాగుందనుకున్నాను. రెండున్నరేళ్ళకి పైన నాలుగు ముందుపళ్ళూ గోధుమరంగు మొద్దులైపోయాయి. నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునేవాడు.

కింద పళ్ళు బాగానే ఉన్నాయేమిటని డాక్టరమ్మని అడిగాను. చప్పరించేటప్పుడు నాలుక కింది పళ్ళని కప్పేస్తుందట, లాలాజలం కూడా అక్కడే ఊరుతుంది. పైపళ్ళ చుట్టూ మాత్రం పాలు నిలిచిపోతాయి. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, తీపిని కడిగేసేది ఏదీ ఉండదు. పాలపళ్ళ పైపొర పల్చన, కాబట్టి పుచ్చడం మొదలైతే తొందరగా లోపలికి దిగుతుంది.

అక్కడితో అయిపోలేదు. నాలుగేళ్ళకి వాడి దవడపన్ను పుచ్చి, రాత్రికి రాత్రే చెంప బూరెలా పొంగింది. పన్ను తీయించాం. ఆ దవడ పాలపన్ను పది పన్నెండేళ్ళ దాకా ఉండాల్సింది. ముందే పోయేసరికి పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగాయి, శాశ్వతపన్నుకి చోటు లేక అడ్డంగా వచ్చింది. పదమూడో ఏట క్లిప్పు వేయించడానికి ఎంత ఖర్చయిందో మీ పెదనాన్న ఇప్పటికీ చెబుతుంటాడు. కాబట్టి పాలపళ్ళు ఊడిపోయేవే, కానీ వాటి టైముకి ఊడాలి.

అందుకని రాత్రి సీసాతో నిద్ర వద్దు. నీ పాలు ఎప్పుడడిగినా ఇవ్వు, ఈ వయసులో దాని గురించి బెంగపడకు. ఇచ్చాక తడిగుడ్డతో పళ్ళు ఓసారి తుడిస్తే చాలు. సీసా పాలైతే మెలకువగా ఉండగానే తాగించి, నోరు తుడిచి, తర్వాత పడుకోబెట్టు. ఏడాది దాటాక గ్లాసు అలవాటు చేయి. రాగి జావలో బెల్లం, పాలల్లో నానబెట్టిన బిస్కెట్, పటికబెల్లం ముక్క... ఇవన్నీ తీపే. బెల్లం మంచిదని అంటారు, పంటికి మాత్రం చక్కెరకీ బెల్లానికీ తేడా తెలియదు. రోజంతా కొంచెం కొంచెం చప్పరించడం అన్నింటికంటే చెడ్డది. రాత్రిపూట సిరప్పు మందు వేసినా అంతే, దాంట్లో తీపి ఉంటుంది, తర్వాత తుడువు.

ఇంకొకటి, మీ అత్తయ్యకి నొప్పి తగలకుండా చెప్పాలి. ఆమె ముద్ద తన నోట్లో మెత్తగా చేసి పాపకి పెడుతుందిగా. పళ్ళు పుచ్చేలా చేసే క్రిములు ఎక్కువగా పెద్దవాళ్ళ నోళ్ళ నుంచే పిల్లలకి అంటుకుంటాయి. ఆమె పళ్ళు ముందు చూపించుకోమని, పాపకి వేరే చెంచా పెట్టమని నా పేరు చెప్పు. కోపం నా మీదికి రానీ.

బ్రష్ మొదటి పన్ను రాగానే మొదలు. పాపకి వచ్చేశాయి కాబట్టి ఈరోజే. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్నది కొను. మంచం మీద కూర్చుని పాప తలని నీ ఒడిలో పెట్టుకుని వెనక్కి వాల్చు, నోరు పూర్తిగా కనిపిస్తుంది. ఏడుస్తుంది, ఏడ్చినప్పుడు నోరు తెరుస్తుంది, పని సులువవుతుంది. పైపెదవి ఎత్తి చిగురు అంచు దాకా రుద్దు. పొద్దున ఒకసారి తప్పినా రాత్రిది మాత్రం వదలకు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా నువ్వే చేయాలి, వాళ్ళకి వాళ్ళే తోముకుంటామంటే ఆటకింద తోమనిచ్చి తర్వాత నువ్వు మళ్ళీ తోము.

నెలకోసారి పెదవెత్తి వెలుతుర్లో చూడు. చిగురు పక్కన సున్నం పూసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అదే మొదలు, అప్పుడే చూపిస్తే ఆపొచ్చు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్పు వల్ల నల్లటి మరక పడితే మాత్రం భయపడి సిరప్పు మానకు, అది పైపూత, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. ఏడాది నిండేలోపు ఎలాగూ పిల్లల పళ్ళ డాక్టరుకి ఒకసారి చూపించాలి. అప్పుడే అన్నీ అడుగు.

ఇక మీ మామయ్య సంగతి. పేస్టులో ఫ్లోరైడ్ ఉందని ఇంట్లో అడుగు పెట్టనివ్వడం లేదన్నావు. ఆయనని తప్పుపట్టను. నల్లగొండ జిల్లాలో, ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మర్రిగూడ పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట వింటేనే వంకరపోయిన కాళ్ళు, లేవలేని నడుములు కళ్ళముందు కనిపిస్తాయి. నేనూ చూశాను. మా సెంటరులో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపి బకెట్లలో నీళ్ళు తేర్చిన రోజులున్నాయి. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టిన ఆ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని.

కానీ ఆయనకి ఈ లెక్క చెప్పు. మూడేళ్ళ లోపు పిల్లలకి వేయాల్సిన పేస్టు బియ్యపు గింజంత. వెయ్యి పీపీఎం పేస్టయినా, అంటే కిలో పేస్టులో గ్రాము ఫ్లోరైడ్ ఉన్నదైనా, ఆ గింజంతలో ఉండే ఫ్లోరైడ్ మిల్లీగ్రాములో పదోవంతు. తాగే నీళ్ళలో లీటరుకి మిల్లీగ్రామున్నర దాటకూడదంటారు, మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది, అదీ ఏళ్ళ తరబడి తాగాం, దాంతోనే వండుకున్నాం. ఎముకలు వంగింది దానివల్ల. గింజంత పేస్టు పంటి మీద ఉండి పైపొరని గట్టి చేస్తుంది. భయం నిజంగా ఎక్కడుండాలంటే పిల్లలు ట్యూబు పట్టుకుని పేస్టు తినేచోట. శాశ్వతపళ్ళు ఈ వయసులోనే దవడలో తయారవుతుంటాయి, ఎక్కువ మింగితే మచ్చలు వాటిమీద పడతాయి. ట్యూబు పైషెల్ఫులో పెట్టు, టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా వేయకు. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. రంగురంగుల పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉండనే ఉండదు, ట్యూబు మీద ఫ్లోరైడ్ పీపీఎం అంకె చూసి కొను.

హైదరాబాద్‌లో మీ నల్లాలో వచ్చేది నది నీళ్ళు, కాబట్టి బెంగలేదు. ఊరికి వెళ్ళినప్పుడు మాత్రం పాప పాలకీ జావకీ మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడు, పాత బోరు నీళ్ళు వద్దు. మరిగిస్తే సరిపోతుందని మీ అత్తయ్య అంటుంది, మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నెలల తరబడి అక్కడే ఉండాల్సి వస్తే పేస్టు సంగతి డాక్టరుని అడిగి చేయి.

పడి పన్ను ఊడితే, పాలపన్నుని తిరిగి గుచ్చకూడదు, డాక్టరుకి చూపించడమే. తిరిగి గుచ్చడమనేది పెద్దయ్యాక వచ్చే పళ్ళకి చెప్పే సలహా, రెండూ కలగాపులగం చేసుకోకండి.

ఉగాదికి ముందు ఒకసారి వస్తాను. పాత నూలు చీర ముక్కలు ఉతికి, మరిగించి ఆరబెట్టి ఓ సంచిలో పెట్టాను, నోరు తుడవడానికి. మీ మామయ్యకి నేను వస్తున్నానని చెప్పు, పేస్టు విషయం ఆయనతో నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ